"ఎన్ని కిలోమీటర్లు తొక్కింది సార్?": ఒక స్ప్రింట్ సైక్లిస్టు కేసు

ముందు ఒక మాట. ఈ కేసులో అమ్మాయి పేరు, ఊరు, పతకం వచ్చిన సంవత్సరం, అసలు టైములు రాయడం లేదు. ట్రాక్ సైక్లింగ్ చాలా చిన్న లోకం. టైము తెలిస్తే రిజల్ట్ షీట్లు తిరగేసి మనిషిని పట్టేయొచ్చు. అందుకని తేడాలు మాత్రమే ఇస్తున్నాను. ఇంట్లో బండలాగుడు గిత్తలున్న సంగతి మాత్రం ఉంచాను. అది తీసేస్తే ఈ కేసు చెప్పలేను, పైగా ప్రకాశం జిల్లాలో గిత్తలున్న ఇళ్లకు కొదవ లేదు. రాసింది అమ్మాయికీ వాళ్ల నాన్నకీ చదివి వినిపించాను. ఆయన ఒక్క చోట దిద్దించాడు. అదేంటో ఆ చోటుకి వచ్చినప్పుడు చెబుతాను.

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. బడి అయ్యాక ఒంగోలు చుట్టుపక్కల నలుగురైదుగురు పిల్లలకి సైక్లింగ్ నేర్పిస్తుంటాను.

నేపథ్యం

అమ్మాయి తొమ్మిదో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. అప్పటికి కబడ్డీ ఆడేది. నిలబడిన చోటు నుంచి దూకమంటే మగపిల్లల కంటే ముందు పడేది. ఎక్కువ దూరం పరుగెత్తమంటే మాత్రం రెండో రౌండుకే మొహం మాడ్చుకునేది. కాళ్లలో పేలుడు ఉంది, ఓర్పు లేదు. ఇలాంటి పిల్లని రోడ్ రేసుకి పంపిస్తే ఏడాదిలో ఆట మానేస్తుంది. స్ప్రింటుకి, అంటే కొద్ది దూరం పూర్తి వేగంతో తొక్కే పోటీకి తెస్తే నిలబడుతుంది. నేను తీసుకున్న మొదటి నిర్ణయం అదే, దాన్ని ఇప్పటికీ మార్చుకోలేదు.

ఈ ఆట చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ట్రాక్ సైకిల్‌కి బ్రేకు ఉండదు, గేరు ఒక్కటే. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాలు ఆపడం కుదరదు. అంతర్జాతీయ పోటీలు జరిగే వెలోడ్రోమ్‌లో ట్రాక్ చుట్టు 250 మీటర్లు, మలుపుల్లో గోడలా లేచి ఉంటుంది. స్ప్రింట్ పోటీలో ముందు ఒక్కొక్కరినీ వదిలి, పూర్తి వేగంలో ఉండగా ఆఖరి 200 మీటర్లకే టైము తీస్తారు. దాన్ని ఫ్లయింగ్ 200 అంటాం. ఆ తర్వాత ఇద్దరిద్దరుగా పోటీ. మొదట్లో ఇద్దరూ నడకలా తొక్కుతూ ఒకరినొకరు చూసుకుంటారు. వెనకున్నవాళ్లకి గాలి అంతగా తగలదు కాబట్టి ముందుకెళ్లడానికి ఇద్దరూ ఇష్టపడరు. ఎవరో ఒకరు తెగించి లాగుతారు, పది పన్నెండు సెకన్లలో కథ ముగుస్తుంది. కీరిన్ అనే ఇంకో పోటీలో అయితే ఒక మోటారు బండి గంటకి 50 కిలోమీటర్ల దాకా వేగం పెంచుకుంటూ అందరినీ లాక్కెళ్లి, ఆఖర్లో పక్కకి తప్పుకుంటుంది. ఇవి కాక, నిలబడిన చోటు నుంచి మొదలయ్యే 500 మీటర్ల టైమ్ ట్రయల్ ఒకటి. మా అమ్మాయి ప్రధానంగా అదే తొక్కేది.

మా జిల్లాలో వెలోడ్రోమ్ లేదు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఉస్మానియా యూనివర్సిటీ సిమెంటు ట్రాక్ మీద తొక్కించేవాణ్ణి. మిగతా రోజులు తెల్లారకముందే సర్వీస్ రోడ్డు. రోడ్డు మీద ట్రాక్ సైకిల్ తొక్కించేటప్పుడు ముందు బ్రేకు బిగించకుండా ఒక్క రోజు కూడా వదల్లేదు. ఎవరైనా వదిలితే వాళ్లని కోచ్ అనను.

మూడేళ్లకి జూనియర్ నేషనల్స్‌లో పతకం వచ్చింది.

వచ్చిన సమస్య

పతకం తర్వాత రెండు నెలలు సన్మానాలే. ఊరి మొదట్లో ఫ్లెక్సీ వేశారు. అందులో ఆమె పక్కన పెట్టింది మాత్రం వంకర హ్యాండిల్ రోడ్ సైకిల్ బొమ్మ. పోటీలో ఆమె వేసుకునే, ఒంటికి అతుక్కునే స్కిన్‌సూట్ ఫోటో వద్దని ఇంట్లో అన్నారట, అందుకని లంగా ఓణీ ఫోటో. నాకు తెలిసి శాలువాలు ఇరవై దాటాయి. ఒక దాత గేర్ల సైకిల్ బహూకరించాడు. రెండు చోట్ల ర్యాలీలకి ముందు నడిపించారు.

నాలుగు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఫ్లయింగ్ 200 తొక్కిస్తే, అంతకుముందు కంటే అర సెకనుకి పైగా ఎక్కువ వచ్చింది. అర సెకనేగా అనిపిస్తుంది. గంటకి 57 కిలోమీటర్ల వేగంలో అది ఎనిమిది మీటర్లు. అంటే నాలుగైదు సైకిళ్ల పొడవు వెనక. మర్నాడు మళ్లీ తొక్కించాను, అదే టైము. పైగా ఇద్దరి పోటీకి రానంది. కడుపులో నొప్పి అంది. నిద్ర సరిగా పట్టడం లేదని వాళ్లమ్మ చెప్పింది.

మొదట నేను చేసిన తప్పులు

200 మీటర్లని రెండు వంద మీటర్ల ముక్కలుగా విడగొట్టి చూశాను. రెండో వందలో వేగం పడిపోతోంది. సరే, వేగాన్ని నిలబెట్టుకునే సత్తువ తగ్గిందనుకున్నాను. 300, 500 మీటర్ల పరుగులు పెంచాను. గేరు కూడా మార్చాను. అప్పటిదాకా గొలుసు చక్రాలకి ముందు 49 పళ్లు, వెనక 14. పెడల్ ఒక చుట్టు తిరిగితే ఏడు మీటర్లకి పైన పోతుంది. కాళ్లు తేలిగ్గా తిరుగుతాయని ముందు 48 వేశాను. మూడు వారాల తర్వాత టైము ఇంకా పడిపోయింది.

నా తప్పు ఇక్కడ ఉంది. రెండో వంద పడిపోతోందని చూశాను గానీ, మొదటి వంద కూడా పాత లెక్కకి రావడం లేదన్నది పట్టించుకోలేదు. తర్వాత రోలర్ మీద, అంటే ఉన్నచోటే సైకిల్ తొక్కే ఉరుళ్ల మీద, చిన్న గేరుతో ఎంత వేగంగా కాళ్లు తిప్పగలదో చూశాను. అంతకుముందు నిమిషానికి 165 చుట్లు తిప్పేది. ఇప్పుడు 148 దగ్గర ఆగిపోతోంది. అంటే తగ్గింది ఓర్పు కాదు, మెరుపు. తగ్గని దానికి మందు వేసి ఉన్న జబ్బు పెంచాను. బరువు కూడా మూడు కిలోలు తగ్గింది. రక్త పరీక్ష చేయించాం, హిమోగ్లోబిన్ బాగానే ఉంది. డాక్టరు గారు బాగా తిని బాగా నిద్రపొమ్మన్నారు.

రెండో తప్పు దీనికంటే పెద్దది. సన్మానాలే దీన్ని పాడు చేశాయని తేల్చేసి, ఇక ఎక్కడికీ పంపొద్దని వాళ్ల నాన్నకి చెప్పాను. ఫోన్ కూడా తీసేసుకోమన్నాను. నా లెక్క పైకి సరిగానే ఉంది: ప్రయాణాలు, రాత్రి భోజనాలు, నిద్ర చెడటం. కానీ ఊళ్లో జరిగింది వేరు. పిలిచినవాళ్లు నొచ్చుకున్నారు. టైర్లు కొనిస్తానన్న ఒకాయన మాట మార్చాడు. "పతకం రాగానే పొగరొచ్చింది" అన్న మాట పాల కేంద్రం దగ్గర అమ్మాయి చెవిన పడింది. పోటీలో గెలిచిన పిల్లని శిక్ష వేసి ఇంట్లో కూర్చోబెట్టినట్టు అయింది. నాతో మాట్లాడటం తగ్గించేసింది. ఆ నెల సెలక్షన్ ట్రయల్స్‌కి బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

టైరు చెప్పిన సంగతి

ఆ మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక కొట్టం దగ్గర నిలబడ్డాను. దాత ఇచ్చిన గేర్ల సైకిల్ గోడకి ఆనించి ఉంది. వెనక టైరు మధ్యలో గీతలు పోయి బల్లపరుపుగా అరిగిపోయింది. మూడు నెలల సైకిల్ అది. ఒక దూడ మీద శాలువా కప్పి ఉంది, అదీ సన్మానం శాలువానే. అది చూసి నాకు నవ్వొచ్చింది, టైరు చూసి రాలేదు.

"ఈ సైకిల్ ఎవరు తొక్కుతున్నారమ్మా?"

చాలాసేపు పలకలేదు. తర్వాత చెప్పింది. రోజూ సాయంత్రం నా ప్రాక్టీసు అయ్యాక కొత్తపట్నం బీచ్ దాకా వెళ్లి వస్తోంది. ఆదివారాలు సింగరాయకొండ వైపు. కొన్ని వారాల్లో 200 కిలోమీటర్లు దాటింది.

"ఎందుకు?"

"అందరూ ఎన్ని కిలోమీటర్లు తొక్కావనే అడుగుతున్నారు సార్. మొదట్లో అర కిలోమీటరని చెప్పా. నవ్వారు. మా పాలోడు రోజూ అంతకన్నా ఎక్కువ తొక్కుతాడన్నారు. ఇంకో మీటింగులో అడిగితే వంద అని చెప్పేశా. చెప్పినాక తొక్కాలి గదా సార్."

ఆ పిల్ల అబద్ధం చెప్పి ఊరుకోలేదు. అబద్ధాన్ని నిజం చేయడానికి తొక్కింది. స్ప్రింటరుకి ఇంతకంటే చేటు ఇంకోటి లేదు. 10 సెకన్ల పనికి కావలసిన కండరం వేరు. దాన్ని పూర్తి బలంతో ఒకసారి వాడితే మళ్లీ వాడే ముందు పది పదిహేను నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. అలసిన కాలుతో ఎంత తొక్కినా నెమ్మదిగా తొక్కడమే అలవాటవుతుంది. ఈ విశ్రాంతి కూడా ఊరివాళ్ల కంటికి ఇంపుగా లేదు. "సగం సేపు రోడ్డు పక్కన కూర్చునే ఉంటుంది, ఏం ప్రాక్టీసు?" అని నన్నే అడిగారు చాలామంది.

ఆ రాత్రి నాకు ఇంకో సంగతి తట్టింది. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎయిగల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్ కీరిన్‌లో వెండి పతకం తెచ్చాడు. మన దేశానికి ప్రపంచ స్థాయి సైక్లింగ్ పోటీల్లో అదే మొదటి పతకం. మరుసటి ఏడు జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో బంగారమే వచ్చింది. ఒంగోలులో వీధికొకరిని అడిగినా ఈసో పేరు చెప్పేవాళ్లు దొరకరు. సైక్లిస్టు డెబొరా హెరాల్డ్ గురించి తెలిసినవాళ్లు కూడా 2004 సునామీలో చెట్టు మీద బతికిన పిల్లగానే చెబుతారు, ఏ ఈవెంట్ తొక్కేదో చెప్పరు. అదే జపాన్‌లో 1948 నుంచీ కీరిన్ మీద పందేలు కాస్తున్నారు. అక్కడ గ్యాలరీలో కూర్చున్న ముసలాయనకి కూడా ఎవరు ఎప్పుడు లాగుతారో తెలుసు. కొయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు ప్రపంచ ప్రొఫెషనల్ స్ప్రింట్ టైటిల్ గెలిస్తే దాని విలువ వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచాక ట్రాక్ సైక్లిస్టు క్రిస్ హోయ్‌ని బ్రిటన్‌లో 'సర్' చేశారు. ఎన్ని కిలోమీటర్లు తొక్కాడని అతన్ని అడిగి ఉండరు.

మా ఊళ్లో పిల్లకి గౌరవం తక్కువేమీ కాలేదు. ఆట అర్థం కాని గౌరవం దొరికింది. దాన్ని ఆపేయమని నేను చెప్పడం రెండో దెబ్బ.

వాళ్ల నాన్న లెక్క

దూరం తొక్కడం మానమని అమ్మాయికి చెప్పాను. వారం మానింది, మళ్లీ మొదలుపెట్టింది. సిగ్గు ఊళ్లో ఉండగా ఆజ్ఞ నా దగ్గర ఉండి ఏం లాభం? ఒంగోలులో ఒక కౌన్సెలర్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాను. నిద్ర కాస్త కుదురుకుంది. ఆవిడే నాతో అంది: "పిల్లని మార్చడానికి చూస్తున్నారు. నవ్వినవాళ్ల సంగతేంటి?"

వాళ్ల నాన్నతో కొట్టంలో కూర్చుని మాట్లాడాను. ఆయనకి సైక్లింగ్ తెలియదు, గిత్తలు తెలుసు. నేను అడిగాను: పందెం వారం ముందు గిత్తని రోజూ పాతిక కిలోమీటర్లు తోలితే ఏమవుతుంది?

"బండ దగ్గర కూలబడిపోద్ది సార్."

మీ పాప చేస్తోంది అదేనని చెప్పాను. ఆయన లేచి వెళ్లి ఆ గేర్ల సైకిల్ తెచ్చి అటక మీద పడేశాడు. నేను ఇక్కడ "పందెం ముందు గిత్తని కదలనివ్వరు" అని రాశాను. ఆయన దిద్దించింది ఇదే. "నడిపిస్తాం సార్. నడిపించకపోతే కాళ్లు పట్టేస్తాయి. బరువు కట్టం, అంతే." నిజమే, మేం కూడా విశ్రాంతి రోజుల్లో అరగంట తేలిక గేరులో ఊరికే తిప్పిస్తాం. నేను పుస్తకాల్లో చదివింది ఆయనకి కొట్టంలో తెలిసింది.

ఇంకో మాట కూడా ఆయనదే. బండలాగుడులో గిత్తల వయసుని పళ్లతో లెక్కేసి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడివిడిగా దింపుతారు. 49 పళ్లు, 14 పళ్లు అని నేను గేరు వివరిస్తుంటే నవ్వి, "గిత్తకైనా సైకిల్‌కైనా పళ్లే లెక్కన్నమాట" అన్నాడు. తర్వాత మెల్లగా, "మా పాపకింకా నాలుగు పళ్లే గదా సార్. అప్పుడే సీనియర్ల బండ కట్టామేమో" అన్నాడు.

తిరునాళ్లలో పది నిమిషాలు

ఆయన మాటల్లోంచే ఉపాయం దొరికింది. ఆ ఊరి తిరునాళ్లకి బండలాగుడు పోటీలుంటాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తారు. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నదే అక్కడ గెలుపు. గడియారం విలువ తెలిసిన జనం వాళ్లు. పోటీలు మొదలయ్యే ముందు పది నిమిషాలు ఇమ్మని కమిటీని అడిగాను. ఇచ్చారు.

అమ్మాయిని ముందు అడిగాను. వద్దంటే వదిలేద్దామనుకున్నాను. "ఓడిపోవడానికి ఎవరూ లేరుగా సార్, తొక్కుతా" అంది.

సిమెంటు రోడ్డు మీద 200 మీటర్లు కొలిచి సున్నం గీతలు వేశాం. రెండు వైపులా ఇసుక బస్తాలు. సైకిల్‌కి ముందు బ్రేకు. ఊరి కుర్రాళ్లతో కలిపి కీరిన్ పెడదామని కమిటీ వాళ్లు ఉబలాటపడ్డారు. నేను ఒప్పుకోలేదు. పక్కపక్కన తొక్కడం రాని పిల్లలు ఆ వేగంలో తగులుకుంటే ఎముకలు విరుగుతాయి. ఒక టీవీఎస్ ఎక్సెల్ వెనక ఆమెని ఒక్కదాన్నే తొక్కించి, కీరిన్ అంటే ఇలా ఉంటుందని చూపించాం.

మైకు గిత్తల పోటీ వ్యాఖ్యాత చేతిలో ఉంది. ముందు రోజు ఆయనకి గంటసేపు ఆట చెప్పాను. నాకంటే బాగా చెప్పాడు. "ఇది దూరం పందెం గాదయ్యా, పట్టు పందెం! మన గిత్త మొదటి అడుగు ఎట్టా లాగుద్దో అట్టా చూడండి!" అని అందుకున్నాడు. మొదటిసారి సగం దూరంలో కుక్క అడ్డం వచ్చి ఆపేయాల్సి వచ్చింది. ముందు బ్రేకు దేనికని నవ్విన కుర్రాళ్లు అప్పుడు నవ్వలేదు. రెండోసారి పక్కన బైకు మీద ఒకతను వెళ్లాడు. ముల్లు 54 చూపించిందని మైకులో అరిచాడు. బైకు ముల్లు కాస్త ఎక్కువే చూపిస్తుందని నాకు తెలుసు. ఆ రోజు సరిదిద్దలేదు. తర్వాత పాలు పోసే అతన్నే పిలిచి సొంత సైకిల్ మీద అదే 200 మీటర్లు తొక్కించారు. అది నా ఆలోచన కాదు, వాళ్లదే. ఆయన గీత దాటేసరికి అమ్మాయి టైముకి రెండింతలు దాటిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

ఆ తర్వాత

సన్మానాలకి నియమం పెట్టాం, నిషేధం కాదు. పోటీల సీజన్‌లో వద్దు, సీజన్ అయ్యాక సరే. రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి. శాలువా బదులు ట్రాక్ సైకిల్‌కి వేసే ట్యూబులర్ టైరు ఇస్తే సంతోషం. వేదిక మీద ఆమె తన ఈవెంట్ గురించి రెండు నిమిషాలు చెప్పాలి. సన్మానం రోజుని ప్రాక్టీసు రోజుగానే లెక్కేసి, మర్నాడు బరువులు ఎత్తించకుండా వదిలేశాను. గేరు మళ్లీ 49కి మార్చాను. సాయంత్రం దూరాలు ఆగిపోయాయి. ఆరు వారాల్లో రోలర్ మీద 160 దాటింది, పదకొండు వారాలకి ఫ్లయింగ్ 200 పాత టైముకి వచ్చింది.

ఇదంతా తిరునాళ్ల వల్లే అని నేను అనలేను. అటక మీదికి పోయిన సైకిల్ పనే ఎక్కువ కావచ్చు. కానీ అది అటక మీదే ఉండిపోయింది తిరునాళ్ల తర్వాతే.

ఇప్పుడు పిల్లలందరి విషయంలో నేను మార్చుకున్న పద్ధతులు ఇవి. టైము పడిపోతే ప్రాక్టీసు పట్టిక తీసే ముందు మిగతా ఇరవై రెండు గంటల సంగతి అడుగుతాను. పతకం వచ్చిన వారంలోనే ఇంటివాళ్లనీ, హెడ్మాస్టరునీ, ఫ్లెక్సీ వేయించేవాళ్లనీ కూర్చోబెట్టి ఆ ఈవెంట్ ఏంటో చెబుతాను. ఫ్లెక్సీలో ఏ సైకిల్ వేయాలో ఫోటో నేనే ఇస్తాను. సర్టిఫికెట్లు, రిజల్ట్ షీట్ల కాపీలు ఒక ఫైల్లో పెట్టిస్తాను. స్పోర్ట్స్ కోటాకి వెళ్లినప్పుడు శాలువాలు ఎవరూ అడగరు.

తేలనివి కూడా ఉన్నాయి. ఇంట్లో పెళ్లి మాట అప్పుడప్పుడు వస్తోంది. ట్రాక్ కోసం ఎప్పుడూ ప్రయాణమే. స్కిన్‌సూట్ ఫోటో ఫ్లెక్సీ మీదికి ఇంకా ఎక్కలేదు. ఆ విషయంలో నేను తొందరపెట్టడం లేదు, అమ్మాయి కూడా పెట్టడం లేదు.

తర్వాతి నేషనల్స్‌లో స్ప్రింట్‌లో నాలుగో స్థానం వచ్చింది. పతకం లేదు. ఫ్లయింగ్ 200 మాత్రం తన పాత టైము కంటే తక్కువలో తొక్కింది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు టెన్షన్‌గానే ఉంది, ఊళ్లో ఏమంటారోనని. గూడూరు దాటుతుండగా గిత్తల పోటీ వ్యాఖ్యాత ఫోన్ చేశాడు. గెలిచిందా ఓడిందా అని అడగలేదు.

"రెండో వంద ఎంతలో తొక్కింది సార్?" అన్నాడు.

ఫోన్ అమ్మాయికి ఇచ్చాను. కావలి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.